ఆర్పు అనే మాట

మా పెద్దనాయన పోయాడన్న కబురు నాకు ఆదోని బస్సు తెచ్చింది. ఎమ్మిగనూరులో నేను పాఠం చెప్పే బడి ముందు ఆ బస్సు ఎప్పుడూ ఆగదు. ఆ పొద్దున ఆగింది. డ్రైవరు ఇంజను ఆపి, దిగి, తలగుడ్డ తీసి చేత్తో పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాడు.

"పాపా, మీ పెద్దనాయన పోయినాడమ్మా. నిద్రలోనే. రా, ఎక్కు. ఆదోనికి నేను పిల్చుకపోతా."

సుద్దముక్క చేతిలో ఉండగానే ఎక్కాను. డ్రైవరు వెనక సీటులో కూర్చుంటే కాళ్ళకు చల్లగా రేకు డబ్బా తగిలింది. నిండా ఇసుక. ఆ డబ్బా అక్కడ ఎందుకుందో నాకు తెలుసు. పక్కన కూర్చున్న ముసలమ్మకు తెలియదు.

"ఎవరప్పా పోయింది?" అని ఆమె డ్రైవరును అడిగింది.

"ఆర్పు తాత, అవ్వా."

"ఏం తాత?"

"ఆర్పు తాత. పత్తి మిల్లులో ఉండె, చెవుడు తాత."

"థూ, నీ నోట్లో మన్ను పడ! బండి బయల్దేరేటప్పుడు ఆ మాటేందిరా?" అని ఆమె కొంగుతో నోరు మూసుకుంది.

డ్రైవరు ఏడుస్తూనే నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది. పెద్దనాయన ఆ బస్సులో ఉండి ఉంటే నా వైపు తిరిగి, "ఏమంటాంది ఆయమ్మ?" అని అడిగేవాడు. నేను పెదవులు కదిపి చెప్పేదాన్ని. ఆస్పరి దోవ చీలే లోపల ఆ ముసలమ్మ చేత ఆయన ఆ మాట పలికించి ఉండేవాడు.

చదివేవాళ్ళకు ఆ పేరు వింతగా ఉంటుంది. అది ఆయనకు ఎలా వచ్చిందో చెప్తాను.

మా నాయన నా పసితనంలోనే పోతే, ఆదోనిలో పెద్దనాయన, పెద్దమ్మ నన్ను పెంచారు. వాళ్ళకు పిల్లలు లేరు. నన్ను కాన్వెంటులో వేశారు. నాకు పుస్తకం ఎక్కువ, మాట తక్కువ. సిస్టర్లు ప్రార్థన చదవమంటే ముందు వరుసకు కూడా వినబడేది కాదు. ఇంట్లో ఆయనకు చెవుడు. "ఒకరికి నోరు ల్యా, ఒకరికి చెవుల్యా. ఈ కొంపలో మాట్లాడేదానికి నేనొక్కదాన్నే దొరికినా" అనేది పెద్దమ్మ. నిజానికి మా ఇద్దరికీ మాటల కరువు ఎప్పుడూ లేదు. గొంతు లేకుండా పెదవులు కదిపితే చాలు, ఆయనకు తెలిసిపోయేది. చెవుడు సంగతి బయటపడ్డాక తక్కినవాళ్ళు ఆయనతో అరిచి మాట్లాడేవాళ్ళు. అరిస్తే మనిషి మొహం వంకర పోతుంది. అప్పుడు ఆయనకు ఒక్క ముక్కా తెలిసేది కాదు.

ఆ చెవులను ఆయన ఇంజన్ల దగ్గర పోగొట్టుకున్నాడు. కరువుకాలంలో, పెళ్ళికి ముందు, పత్తి బేళ్ళ వెంట బొంబాయి పోయి, అక్కడ చేపలు పట్టే ఒక ఓడలో పనికి కుదిరాడు. వానకే మొహం వాచిన మా ఊళ్ళో ఆయన ఒక్కడే సముద్రం మనిషి. అయితే సముద్రాన్ని చూసింది తక్కువే. పైన వల లాగేవాళ్ళు లాగుతుంటే ఈయన ఓడ అడుగున, కిటికీ లేని ఇంజను గదిలో, నూనె డబ్బా పట్టుకుని ఉండేవాడు.

"ఆ గది మన వంటింటంత ఉంటాది పాపా. దాంట్లో ఇంజను, నూనె తొట్టి, మనిషి. ఇంజను వేడి, నూనె, గాలి. ఇంగేం కావాల మంటకి? పెండ్లికి అన్నీ కుదిరినట్టే" అనేవాడు.

రాత్రి అన్నాల దగ్గర ఆ ఓడ కథ మొదలయ్యేది. నేను ఎన్నిసార్లు విన్నా మళ్ళీ అడిగేదాన్ని. కంచం ఓడ. గ్లాసు ఇంజను. జొన్నరొట్టె ఓడ పైతట్టు మీద మూత.

"నూనె గొట్టం చిట్లింది. సన్నగా, ఎంట్రుక మాదిరి. ఆ చుక్క పోయి యాడ పడింది? పొగ పోయే గొట్టం మీద. అది ఎర్రగా కాలి ఉండాది. భగ్! నేను పైకి దూకినా. సరంగు ఏం చేసినాడు చెప్పు?"

సరంగు అంటే ఓడ నడిపే పెద్ద.

నేను పెదవులతో, "మూత వేశాడు" అనేదాన్ని.

"మూతేసినాడు!" అని ఆయన రొట్టెను గ్లాసు మీద బోర్లించేవాడు. "నూనె రాకుండా తిప్పినాడు. గాలి పోయే గొట్టాల్లో తడి గోనెలు కుక్కినాడు. మేమంతా ఆ మూత సుట్టూ కూసున్యాం. కింద మంట, పైన మేము. కాళ్ళ కింద పలకలు కాలతాండాయి. సుట్టూ సముద్రం. ఒక చెంబు నీళ్ళు పోయలా!"

"ఎందుకు పోయలేదు?" తెలిసినా అడగాలి. అది మా ఆట.

"నూనె నీళ్ళ మీద తేలతాది పాపా. నీళ్ళు పోస్తే మంటకి కాళ్ళొస్తాయి. ఈతకొట్టుకుంటా ఓడంతా తిరుగుతాది. ఒకడు మూత ఎత్తి సూస్తానన్యాడు. సరంగు పోయి దాని మీద కూసున్యాడు. పంచె కాలినా లేయలా. సూడాలనిపిస్తాది, ఎవరికైనా. ఆ ఒక్కసారి సూడకుండా ఉంటే బతుకుతాం."

"సరే, బతికినావు కదా, ఆ రొట్టె తిను. సల్లారిపోతాంది నీ ఓడ" అనేది పెద్దమ్మ.

ఆయన ఊరికి తిరిగొచ్చేనాటికి ఆదోనిలో ఒక జిన్నింగు మిల్లు షావుకారు ఇంజను పెట్టాడు. పత్తిలోంచి గింజ తీసే మర్లను తిప్పడానికి. పెద్దనాయన చూడబోయి గుమ్మంలోనే నిలబడిపోయాడట. ఓడలో ఉన్నదే. అదే మాదిరి, అదే నెత్తిన ఇనప గుండు. ఆ ఇంజను ఊరికే కదలదు. కిరోసిను పోసి గాలి కొట్టే దీపాన్ని, బుసలు కొట్టే నీలం మంటను, ఆ గుండు కింద పెట్టి అది ఎర్రబడేదాకా కాచాలి. అప్పుడు చక్రాన్ని చేత్తో ఊపితే, టప్ అంటుంది. ఒకటి అన్నదంటే ఇక ఆగదు. దీపం పని అయిపోతుంది.

"సముద్రం వదిలినా, ఓడ నన్ను వదల్లా" అనేవాడు.

ఆయనకు మిల్లు ఓడే. గాలిలో దూది నుసి ఎగురుతుంటుంది, దూలాల నుంచి బూజులా వేలాడుతుంది. గోడ అవతల సీజను పత్తి అంతా బేళ్ళుగా. ఎండాకాలం తాగడానికే నీళ్ళుండవు. "ఒడ్డు లేదనుకోండి. ఎవరూ రారు. మనమే" అని అందరికీ చెప్పేవాడు. నూనె తొట్టి నుంచి ఇంజనుకు పోయే కుళాయికి ఒక తీగ కట్టి, గోడలోంచి బయటికి లాగి, కొసకు ఇనప రింగు తగిలించాడు. లోపల ఏమైనా జరిగితే బయట నుంచే రింగు లాగితే నూనె ఆగిపోతుంది. గోడకు వేలాడే ఆ రింగు ఎందుకో తెలియక మిల్లు ఆడవాళ్ళు మొదట దానికి సద్ది మూటలు తగిలించారు. తర్వాత ఆయుధపూజకు పసుపు, కుంకుమ పెట్టారు, నిమ్మకాయ గుచ్చారు. ఒకామె బిడ్డకు జ్వరం తగ్గితే దారం కూడా కట్టింది.

"అమ్మా, అది దేవుడు కాదు, కుళాయి" అని ఆయన దారం విప్పబోతే, "నీకేం తెల్సప్పా, నువ్వు చర్చికి పొయ్యేటోడివి" అన్నారు. తీగ బిగుసుకుపోకుండా ఆయన రోజూ ఆ పసుపు కడిగేవాడు. వాళ్ళు రోజూ పెట్టేవాళ్ళు.

నూనె తుడిచిన గుడ్డలను ఆయన కుప్పగా వేయనిచ్చేవాడు కాదు. పత్తిగింజల నూనె గుడ్డలు కుప్పపడితే లోపల్లోపల కాగి, ఎవరూ అంటించకుండానే అంటుకుంటాయని ఓడలో నేర్చుకున్నాడు. ఇంటికి తెచ్చి, ఒక్కొక్కటే విప్పి, పెరట్లో తాడు మీద ఆరేసేవాడు. నల్లటి గుడ్డ పేలికలు వరుసగా. పక్కింటివాళ్ళు, "ఏమే, మీ ఆయన గోచీలు ఇన్ని ఉండాయా!" అని పెద్దమ్మను ఆటపట్టించేవాళ్ళు. చర్చిలో తలుపు పక్కన కూర్చునేవాడు. త్వరగా లేచిపోవడానికని పాస్టరుగారు అనుకునేవారు. "కాదయ్యగారూ, అందరూ పోయినంక పోయేదానికి" అని ఈయన జవాబు.

ఆ రోజుల్లో చెవుడు సంగతి మిల్లులో ఎవరికీ తెలియదు. ఇంట్లో మాకే తెలుసు. ఇంజను నడకను ఆయన చెవితో వినేవాడు కాదు, గోడకు అరచెయ్యి ఆనించి వినేవాడు. పిలిస్తే పలకకపోతే ఇంజను రొద అనుకునేవాళ్ళు. కానీ షావుకారుకు అనుమానం వచ్చింది. "ఇంజను ఆగినప్పుడు కూడా పలకవేమప్పా? చెవులు పోయినాయా ఏమి?" అని ఒకసారి నవ్వుతూ అడిగాడు. అడిగి ఊరుకోలేదు. సీజను మొదట్లో కోస్తా నుంచి ఒక కుర్ర ఇంజను డ్రైవరును పిలిపించాడు. "నేర్చుకోనీ. ఎందుకైనా మంచిది" అన్నాడు.

ఆ సాయంత్రం పెద్దనాయన రొట్టె ముట్టలేదు. "తెలిస్తే తీసేస్తాడు. ఇంజను గదిలోంచి బయటికొస్తే నేనేం మనిషినే?" అని పెద్దమ్మతో అన్నాడు. ఆయనకు అదొక్కటే భయం. మంటకు కాదు.

కొత్త డ్రైవరు మంచివాడు. ఆయనను బాబాయిగారూ అనేవాడు. మాటమాటకూ అండీ. మిల్లు ఆడవాళ్ళు వెనక నడుస్తూ, "ఏవండీ, పత్తండీ, గింజండీ" అని అతన్ని వెక్కిరించేవాళ్ళు.

క్రిస్మస్ సెలవుల్లో పొద్దున్నే రొట్టె మూట తీసుకుని నేనూ మిల్లుకు పోయేదాన్ని. ఎవరన్నా మాట్లాడితే ఆయన నా మొహం చూసేవాడు. నేను గుమ్మం దాటకుండా నిలబడి పెదవులు కదిపేదాన్ని. మా ఆట మిల్లులో ఎవరూ కనిపెట్టలేదు.

ఆ పొద్దున దీపం కాచే పని కొత్త డ్రైవరుకు ఇచ్చాడు. గుండు ఎర్రబడింది. పెద్దనాయన చక్రం మీద చెయ్యి వేశాడు. ఎన్నిసార్లు చూసినా ఆ క్షణంలో నా ఒళ్ళు జలదరించేది. ఊపాడు. ఏమీ లేదు. మళ్ళీ ఊపాడు. టప్. నేల అదిరింది. టప్ టప్ అంటూ తోలు పట్టా కదిలింది, అవతల మర్లన్నీ ఒక్కసారి మేలుకున్నాయి. పెద్దనాయన మొహం పసిపిల్లవాడి మొహం అయింది.

"ఇంగ దీపం పెద్దది చెయ్యప్పా!" అని కేక వేశాడు.

మా వైపు దీపాన్ని ఆర్పమని ఎవరూ అనరు. ఆ మాట నోట రాకూడదు. ఇంట్లో దీపం ఇంటి ప్రాణం. అందుకని ఆర్పమనడానికి పెద్దది చెయ్యమంటారు. హిందువుల ఇళ్ళలోనే కాదు, మా ఇళ్ళలోనూ అంతే. ఇదంతా కొత్త డ్రైవరుకు ఎవరు చెప్తారు? అతను ఆశ్చర్యపోయి తల తిప్పాడు.

"పెద్దదా అండీ?"

దీపం అతని వెనక ఉంది. మొహం చీకటి. ఆ పెదవులు ఆయనకు కనబడలేదు. సంతోషంలో, నా వైపు చూడకుండానే తల ఊపాడు.

కొత్త డ్రైవరు మర తిప్పి, గాలి కొట్టాడు. నీలం మంట పసుపైంది. చెయ్యంత పొడవైంది. గోడ ఎక్కి దూలాన్ని నాకింది. దూది నుసి అంటుకోవడం చూసినవాళ్ళకు తెలుసు. అది మండదు, పరుగెత్తుతుంది. కళ్ళార్పేలోగా దూలం ఆ కొస నుంచి ఈ కొసకు ఒక నిప్పు ఎలుక ఉరికింది. రాలిన చోటల్లా నేల మీది నూనె అందుకుంది.

పెద్దనాయన అరవలేదు. కొత్త డ్రైవరు చొక్కా పట్టి బయటికి ఈడ్చాడు. నన్ను ఒక తోపు తోశాడు. ఇనప తలుపు మూసి గడియ వేశాడు. రింగు పట్టుకుని లాగాడు. పసుపూ కుంకుమా ఆయన అరచేతికి అంటుకున్నాయి. గోడకు చెయ్యి ఆనించి నిలబడ్డాడు. టప్... టప్... ఇంజను నీరసించి ఆగింది. మిల్లంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలోకి ఆడవాళ్ళు మర్లు వదిలి పరుగెత్తుకొచ్చారు.

"నీళ్ళు! నీళ్ళు తెండే!"

"నీళ్ళు గోనెల మీద పోయండమ్మా, మంట మీద కాదు!" ఇప్పుడు అరిచాడు. "తడిపి తెండి! ఆ కిటికీలు మూయాల, కన్నం కనపడకూడదు!"

సద్ది మూటలు తగిలించిన చేతులే గోనెలు మోశాయి. నేనూ మోశాను. మేస్త్రీ ఒక బిందె ఎత్తుకుని కిటికీ వైపు పోతుంటే పెద్దనాయన దాన్ని లాక్కుని నేలమీద కుమ్మరించాడు. "సముద్రంలో ఉండి నీళ్ళు వాడలా మేము! ఈడ ఉన్న ఒక బిందె ఏం చేస్తావురా దీంతో?"

అప్పుడు షావుకారు వచ్చాడు. పంచె ఒక చేత్తో పట్టుకుని, ఎగరొప్పుతూ.

"తలుపు తీయండ్రా! లోపల ఏమైతాందో సూడండి!"

పెద్దనాయన తలుపుకు అడ్డం నిలబడ్డాడు. షావుకారు దగ్గరికొచ్చి అరిచాడు. అరిచేకొద్దీ మొహం వంకర పోయింది. ఆయనకు ఏమీ తెలియలేదు. నా వైపు చూశాడు.

"ఏమంటాండాడు పాపా?"

అందరి ముందు, గట్టిగా అడిగాడు. దాచడానికి అది సమయం కాదని ఆయనకు తెలుసు. నేను పెదవులు కదిపాను. తలుపు తీయమంటున్నారు.

"తీయకూడదు సామీ."

"నా మిల్లు అది!"

నేను చెప్పాను.

"మీ మిల్లే సామీ. అందుకే తీయను." తర్వాత నాతో, "పోయి గోడకు చెవి పెట్టు. ఏం ఇనపడతాందో చెప్పు" అన్నాడు.

చెవి పెట్టాను. గోడ వెచ్చగా ఉంది. లోపల ఎవరో ఎండుటాకుల మీద నడుస్తున్నట్టు. చిటపటలు అన్నాను. ఆయన తల ఊపాడు. మళ్ళీ విన్నాను. తగ్గాయి అన్నాను. కాదు, పెరిగాయి. మళ్ళీ తగ్గాయి. మిల్లంతా నా పెదవులనే చూస్తోంది. ప్రార్థన చదవలేని నేను ఒక్క శబ్దం లేకుండా చెప్తున్నాను, ఆయన అందరికీ పైకి చెప్తున్నాడు. గోనెలు పొగలు కక్కి, ఆరి, మళ్ళీ తడిశాయి. షావుకారు పంచె వదిలేసి నేల మీద కూలబడ్డాడు. బేళ్ళు అవతలి గోడకే ఆనుకుని ఉన్నాయి.

కడకు ఏమీ వినబడలేదు. అదే అన్నాను. అయినా ఆయన తీయలేదు. గోడ చల్లబడేదాకా నిలబడ్డాడు. ఎండ నెత్తిమీదికి వచ్చాక పక్కగా నిలబడి, తలుపు కొంచెం తీసి, ముక్కు పెట్టి వాసన చూసి, అప్పుడు తీశాడు. లోపల గోడలు నల్లగా ఉన్నాయి. దూలాల మీద నుసి లేదు. ఇంజను ఉంది. బేళ్ళలో ఒక్క పోగు కమరలేదు.

ఒక్కసారిగా అందరూ మాట్లాడారు. ఒకామె రింగుకు దండం పెట్టింది. షావుకారు లేచి కొత్త డ్రైవరు మీద పడ్డాడు.

"దీపం మంట పెంచమని ఎవరు చెప్పినారు నీకు?"

"పెద్దది చెయ్యమన్నారండీ!"

ఒక క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. ఆడవాళ్ళలో ఎవరో కిసుక్కుమన్నారు.

"మీ ఊళ్ళో ఏమంటారప్పా మరి?"

"కొండెక్కించమంటామండీ."

"కొండా? యా కొండ? ఆ కోట కొండనా? దీపం ఎత్తుకోని ఎక్కాల్నా?" అంత భయం తర్వాత వచ్చిన నవ్వు ఆగదు. గోనెలు కింద పడేసి, కడుపులు పట్టుకుని నవ్వారు.

షావుకారు నవ్వలేదు. "పో. నీ మూట కట్టుకో" అన్నాడు. కొత్త డ్రైవరు కళ్ళనిండా నీళ్ళు. పెద్దనాయన నన్ను చూశాడు. నేను చెప్పాను. ఆయన తలగుడ్డ తీశాడు.

"మాట నాది సామీ. ఆ పిల్లోడు మళ్ళీ అడిగినాడంటే అడిగే ఉంటాడు. నాకు ఇనపడలా. తల ఊపినా. నాకు చెవుల్లేవు సామీ. శానా ఏండ్లాయ. ఓడలో ఉన్నప్పుడు ఆర్పు అనే చెప్పినాను, వాళ్ళ బాసలో. మన ఊరికొచ్చి మన మాట పట్టుకున్యా. పోతే నేను పోవాల, ఆయప్ప కాదు."

ఆయనకు ఉన్న ఒకే భయాన్ని ఆయనే చేత్తో తీసి వాళ్ళ ముందు పెట్టాడు.

షావుకారు నల్లటి దూలాల వైపు చూశాడు. "చెవుల్లేనోడికి ఇంజను ఎట్లిచ్చేదప్పా" అన్నాడు మెల్లగా. తర్వాత, "ఇంజను ఆ పిల్లోడిది. నిప్పు కాపలా నీది. ఇద్దరూ ఈడే ఉండండి" అన్నాడు.

నేను చెప్పాను. పెద్దనాయన మళ్ళీ చెప్పమన్నాడు. మళ్ళీ చెప్పాను. అంత పెద్ద మనిషి గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు. కూర్చునే, "అయితే నాదొక మాట సామీ. ఈ గదిలో ఇంగ ఎవరూ పెద్దది చెయ్యమనకూడదు. ఆర్పు అనాల. గోడ మీద రాయాల" అన్నాడు.

మిల్లు కాల్తుంటే కూలబడిన షావుకారు ఇప్పుడు ఎగిరి పడ్డాడు. "నా మిల్లు గోడ మీద ఆ మాటా! లక్ష్మి నిలుస్తాదా?"

"పొద్దున పోతాన్నింది సామీ లక్ష్మి. ఆ మాట లేకనే."

రాయించాడు. బయట కాదు, లోపలి గోడకు. నేనే రాశాను, ఎర్ర రంగుతో, మసి కడిగిన గోడ మీద. నా జీవితంలో అంత పెద్ద అక్షరాలు నేను రాయలేదు. చుట్టూ నిలబడి మిల్లంతా చూసింది. కొత్త డ్రైవరు పైకి చదివాడు. "ఆర్పు అండీ." పెద్దనాయన అతని పెదవులు చూసి, "అండీ వద్దు" అన్నాడు.

ఆ తర్వాత ఆయన ఊరుకోలేదు. తీరిక దొరికితే చాలు, ఎమ్మిగనూరు నూనె మిల్లుకు, కోడుమూరు సంతకు, బస్సులు నిలిచే చోటికి, ఎక్కడ ఇంజను ఉంటే అక్కడికి పోయేవాడు. ఇసుక డబ్బా పెట్టించేవాడు. రింగు కట్టేవాడు. ఆ మాట పలికించేవాడు. "అనండప్పా, నోరు కాలదు! అనకపోతే ఇల్లు కాలుతాది!" జనం నవ్వేవాళ్ళు, చెవులు మూసుకునేవాళ్ళు, కడకు అనేవాళ్ళు. అలా ఆయన ఆర్పు తాత అయ్యాడు. సెలవుల్లో నేను వెంట పోయేదాన్ని. జనం అడిగింది ఆయనకు పెదవులతో చెప్పేదాన్ని. ఈ రోజు అరవైమంది పిల్లల ముందు నిలబడి నేను పాఠం చెప్పగలుగుతున్నానంటే, ఆ సంతల పుణ్యమే.

ఆయన ఆ మాట పలికించలేకపోయింది ఒక్క మనిషి చేతనే. పెద్దమ్మ.

"మే, ఒక్కసారి అను."

"అనను."

"ఊరంతా అంటాంది."

"ఊరికేం? ఊరి మొగుడివా నువ్వు? నా మొగుడివి. నా ఇంట్లో దీపం పెద్దదే అయితాది." తన పెదవులు ఆయనకు కనబడకుండా ఆమె మొహం తిప్పుకునేది. ఆయన నవ్వేవాడు. రాత్రి దీపం దగ్గర ఈ గొడవ ఎన్ని ఏళ్ళు విన్నానో.

నేను బస్సు దిగి ఇంటికి పోయేసరికి ఆయనను మంచం మీద పడుకోబెట్టి, తలాపున కొవ్వొత్తి వెలిగించారు. మిల్లులో ఇంజను ఆపారు. కొత్త డ్రైవరు, ఇప్పుడు కొత్తవాడు కాదు, గుమ్మంలో కూర్చుని పిల్లవాడిలా ఏడ్చాడు. మిల్లు ఆడవాళ్ళు వచ్చారు. షావుకారు వచ్చి, చెప్పులు విడిచి నిలబడ్డాడు. సమాధి దగ్గర పాస్టరుగారు చదువుతుంటే నేను తలుపు కోసం చూశాను. ఆరుబయట తలుపేమిటి? అలవాటు.

సాయంత్రం అందరూ వెళ్ళిపోయారు. ఆయన కూర్చునే కుర్చీ పక్కన, కిటికీ దగ్గర, ఆ కొవ్వొత్తినే మళ్ళీ వెలిగించి పెట్టింది పెద్దమ్మ. ఇద్దరం నేల మీద కూర్చున్నాం. పడమటి గాలి లేచింది. కిటికీ తెర ఊగి మంట దాకా వచ్చి, వెనక్కి పోయింది. మళ్ళీ వచ్చింది. నేను లేవబోయి ఆగాను. ఆ వెలుగు ఆమెది. ఏమి చెయ్యాలో ఆమె చెప్పాలి.

తెర ఈసారి మంటను తాకేంత దగ్గరికి వచ్చింది. పెద్దమ్మ ఖాళీ కుర్చీ వైపు తిరిగింది. గొంతు రాలేదు. పెదవులు మాత్రం కదిలాయి, నిదానంగా, విడివిడిగా, చెవుల్లేని మనిషికి చెప్పినట్టు.

ఆర్పు.

నేను ఆర్పాను. సన్నటి పొగ లేచి, కిటికీలోంచి పెరట్లోకి పోయింది. అక్కడ ఆయన నిన్న ఆరేసిన నూనె గుడ్డలు, ఒకదానికొకటి తగలకుండా, గాలికి ఊగుతున్నాయి.